పండే ఆకుకు యూరియా

దర్జీ కొట్టు బల్ల మీంచి,
చివరి ఆకు బ్యారన్‌లోంచి దించిన వారం

చిట్టీ,

మాట్లాడేది నీ వదిన, రాసేది దర్జీ. అక్షరం అతనిది, కోపం నాది. ఎక్కడైనా మర్యాద కనిపిస్తే అది అతను కలిపిందని తెలుసుకో. ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్ పెట్టుకుంటే నా చెవిలో తేనెటీగలు రొద చేస్తాయి తప్ప మాట వినపడదు. పైగా ఫోన్లో అన్న మాట గాలికి పోతుంది. కాగితం మీద పడ్డ మాట ఉంటుంది.

నా ఫిర్యాదు నా కొడుకు మీద. నీ ముద్దుల మేనల్లుడి మీద. నువ్వే న్యాయం చెప్పాలి, ఎందుకంటే చేలో సగం నీది. మీ అన్న పోయాక ఆయన సగం వాడి పేరుకు మారింది. నా పేరున మట్టిబెడ్డ కూడా లేదు. కాపురానికొచ్చిన నాటినుంచి ఆ చేలో వంగిన నడుము ఇంకా లేవలేదు గానీ, కాగితాల దగ్గరికొచ్చేసరికి నేను పరాయిదాన్ని. నాకున్న ఆస్తి ఈ నోరొక్కటే. దాన్నే నీకు పంపుతున్నాను.

జరిగింది విను. ఈసారి పొగాకు నారు బాగా అంటుకుంది. మొక్క ఎదిగి మొగ్గ తొడిగాక తలలు తుంచేశాం. తల తుంచితే మొక్క పైకి పోవడం మాని బలమంతా ఆకులోకి దించుకుంటుంది. అప్పుడు కింది ఆకులు అంచుల నుంచి పసుపు తిరగడం మొదలుపెట్టాయి. అది పండటం, చిట్టీ! ఆకు మీది నూగు రాలి, ఈనె తెల్లబడి, విరిస్తే టక్కుమని తెగిందంటే పండినట్టు. ఇంకాస్త ఓపిక పట్టి కోసి, ఆకును వేడికి ఆరబెట్టే బ్యారన్‌లో వేలాడదీసి సన్నని సెగ పెడితే నిమ్మపండు రంగు తేలేది. నీ మేనల్లుడు గట్టెక్కి చూశాడు. చూసి ఏమన్నాడో తెలుసా?

"అమ్మా, చేను పాలిపోయింది. ఆకలి మీదుంది" అన్నాడు.

"ఆకలి కాదురా నాయనా, కడుపు నిండి కునుకు తీస్తోంది. దాని జోలికి పోకు" అన్నాను.

"నీకు చూపానదులే" అన్నాడు.

చూపానదట! ఆకు పండిందో లేదో వేళ్ళు చెబుతాయి గానీ కళ్ళు చెబుతాయా?

ఆ సాయంత్రం వాన పడింది. నేల తడిసింది కదా అని యూరియా బస్తా విప్పి చేనంతా చల్లొచ్చాడు. పాలు మరిచిన బిడ్డ నోట్లో మళ్ళీ చన్ను కుక్కినట్టు. ఇంకేముంది, పండబోయిన ఆకు వెనక్కి తిరిగి నల్లపచ్చగా అయిపోయింది. ప్రతి కణుపులోనూ పిలకలు లేచాయి. ఆకులు ఏనుగు చెవుల్లా ఊగాయి. దారినపోయేవాళ్ళు ఆగి "అబ్బో, చేనంటే ఇదమ్మా" అన్నారు. వీడు మీసం దువ్వుకున్నాడు. నేను పిలకలు గిల్లి పారేస్తూ పోయాను.

బ్యారన్‌లో ఆకు పసుపెక్కాకే వేడి పెంచాలి. ఇది ఎక్కితేనా! సన్నసెగ మీద ఉంచాం, ఇంకొంచెం ఉంచాం. కట్టెలు అయిపోయాయి గానీ ఆకులో పచ్చ పోలేదు. విసుగెత్తి సెగ పెంచితే ఆ పచ్చ కాస్తా నల్లమచ్చలై కూర్చుంది. కొనేవాడొచ్చి ఒకాకు గుప్పిట్లో నలిపాడు. వాసన చూశాడు. ఒక్క మాటన్నా అనకుండా ఆ చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని వెళ్ళిపోయాడు. నా జన్మలో ఎన్నో తిట్లు తిన్నాను చిట్టీ, అంత తిట్టు తినలేదు.

ఇంత చేసి, తప్పు తనది కాదంటాడు. నేలదట! "ఈ నేల ఇక పండదు. పై మట్టి ఇటుక బట్టీకి ఇచ్చేద్దాం. అత్త ఊ అంటే చాలు" అంటున్నాడు. బట్టీవాడు అప్పుడే వచ్చి గడ్డపారతో పొడిచి చూసి పోయాడు కూడా. పై మట్టి లేచిపోతే చేనెక్కడిది? తోలు ఒలిచాక మనిషుంటాడా? ఆపరేషన్ గదిలో నెత్తురు చూసినదానివి, నీకు నేను చెప్పాలా?

కాబట్టి నువ్వు చేయాల్సింది ఇది. బట్టీవాడికి ఒప్పుకోకు. తప్పు నీదేరా అని వాడికి గట్టిగా రాయి. వచ్చే పంట అమ్మ చేతికివ్వమని చెప్పు. నా మాట వినడు గానీ నువ్వంటే వాడికి భయం.

దర్జీ నేను చెప్పిన వాటిలో మూడు తిట్లు రాయలేదు. "ఆడవాళ్ళు చదువుతారమ్మా" అంటాడు. ఆడదే కదయ్యా తిడుతోంది!

నీ వదిన

* * *

పట్నం, ఆసుపత్రి వెనక సందు

వదినా,

నీ ఉత్తరం చదువుతుంటే నువ్వు వంటింటి గడప మీద కూర్చుని కేకలేస్తున్నట్టే ఉంది. మా పక్కవాటా ఆవిడ తలుపు తీసి "ఎవరైనా వచ్చారా?" అని అడిగింది కూడా. ఒట్టు. రాయని తిట్లు మూడు కాదు, అయిదుంటాయి. నిన్ను నాకంటే ఎరిగినవాళ్ళెవరు?

నేను చేను చూసి ఎన్నాళ్ళయిందో! చిన్నప్పుడు ఆకులు కర్రలకు అల్లుతుంటే వేళ్ళకు పట్టిన నల్లజిగురు, అన్నం దగ్గర కూడా ఆ చేదు వదలకపోవడం, అంతే గుర్తు. నర్సు ఉద్యోగంలో చేరాక చేతులు కడుక్కోవడమే నా పనైపోయింది. ఇప్పుడు రిటైరయినా, గిన్నె ముట్టుకుంటే మోచేతుల దాకా కడుక్కుంటాను.

నువ్వు వద్దన్నాక నేనెందుకు ఒప్పుకుంటాను? దిగులు పెట్టుకోకు. వాడూ రాశాడు. బట్టీ సంగతి అడిగాడు. అందులో నీ మీద ఒక్క చాడీ లేదు. తను తప్పు చేశానన్న మాట కూడా లేదులే.

ఒక్కటి అడుగుతాను, కోప్పడకు. నేల సంగతి వాడనేదాంట్లో నిజం ఏమాత్రం ఉంది? మా దగ్గర పరీక్ష చేయందే పెద్ద డాక్టరు కూడా నోరు విప్పడు. మట్టిని పరీక్ష చేయించు. ఏం తేలిందో నాకు ఉన్నదున్నట్టు రాయించు. పొలంలో నాకు తెలిసింది సున్నా. నువ్వు ఏది చెబితే నాకు అదే.

దర్జీ గారికి నా నమస్కారం. ఆయన ఓర్పుకు.

చిట్టి

* * *

దర్జీ కొట్టు,
బడిపిల్లల బట్టలు కుట్టే రోజులు, కూర్చోవడానికి చోటు లేదు

చిట్టీ,

నిలబడే చెబుతున్నాను. మట్టి పరీక్ష చేయించాను. పరీక్షల ఆఫీసు నుంచి ఒక పిల్ల వచ్చింది. బూట్లు విప్పి చేలోకి దిగింది, అప్పుడే నాకు నచ్చింది. నాలుగు మూలలా, నడిమధ్యనా గుచ్చి మట్టి తీసుకుపోయింది. మొన్న మళ్ళీ వచ్చి మా అరుగు మీద కూర్చుని, నీ మేనల్లుడి ముందే చెప్పింది.

మీ నేల పులిసిపోయింది అంది. ఏళ్ళ తరబడి యూరియా ఒక్కటే పోసి పులియబెట్టారంది. యూరియా తిన్న మొక్క ఏపుగా లేస్తుందట. లేచేకొద్దీ నేలలోని పొటాషునూ, సున్నపు సారాన్నీ పీలుస్తుందట. ఆకు బండెక్కి పోతే వాటితోపాటు ఆ సారమూ పోయినట్టే. మొక్క తినగా మిగిలిన యూరియా ఊరుకుంటుందా? వాననీళ్ళతో కలిసి వేళ్ళకందనంత లోతుకు జారిపోతూ, ఉన్న సున్నాన్ని కూడా వెంటబెట్టుకుపోతుందట. ఒక్క కొడుక్కే పెట్టి మిగతా పిల్లల్ని ఎండగట్టిన ఇల్లులా ఉంది మన చేను అనిపించింది నాకు. ఆ పిల్ల అన్నది కాదు, నేనన్నది.

"విన్నావురా?" అన్నాను వాడితో.

"నేలే పోయిందని నేనూ అదేగా అంటున్నది" అన్నాడు.

చూశావా వాడి తెలివి! తను పొడిచిన గాయాన్ని చూపించి, చూశారా ఇది నెత్తురోడుతోంది, పారేద్దాం అంటాడు.

నేల చచ్చింది చిట్టీ. ఉన్నదున్నట్టు రాయించమన్నావు కదా, ఉన్నది ఇది. శవం ముందు కూర్చున్నట్టుంది నాకు. చంపింది వాడు. మీ అన్న ఉన్నప్పుడు బండ్ల కొద్దీ పశువుల ఎరువు తోలేవాళ్ళం. ఇప్పుడు తట్ట మోయడం వాడికి నామోషీ. బస్తా మూతి విప్పితే చాలు.

ఆ పిల్ల ఇంకా ఏవో మందులూ మాకులూ చెప్పింది. అది వేరే సంగతి. ముందు దోషి ఎవరో తేలాలి. వాడు తప్పు ఒప్పుకునే దాకా నేను వేరే మాట మాట్లాడను. వాడికి నువ్వు రాయి: నేలను చంపినవాడివి నువ్వేనని.

నీ వదిన

* * *

పట్నం

వదినా,

వాడు వచ్చాడు. రేపో మాపో నీకు తెలుస్తుంది కాబట్టి నేనే చెబుతున్నాను.

నీ ఉత్తరం వాడికి చదివి వినిపించాను. చంపినవాడివి నువ్వేనట అన్నాను. తల దించుకుని విన్నాడు. "అమ్మ నేల చచ్చిందంటోందా?" అని అడిగాడు. అవునన్నాను. "మరి చచ్చినదాన్ని ఇంకా ఎందుకత్తా దున్నమంటుంది?" అన్నాడు. నేను లేచి అన్నం వడ్డించాను.

అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టాడు. బట్టీ యజమాని లారీ తోలే పని ఇస్తానన్నాడట. మన చేలోంచి మట్టి తోలుకోనిస్తేనే. కుర్చీలోనే నిద్రపోయాడు. నిద్రలో పిడికిళ్ళు బిగించి ఉన్నాడు వదినా. ఆపరేషనుకు ముందు మనుషులు అలా పడుకోవడం చూశాను.

నేను పనిచేసే రోజుల్లో మా వార్డులో ఒకాయన కాలు నల్లబడిపోయింది. ఇంట్లోవాళ్ళు తియ్యొద్దని ఏడ్చారు. డాక్టరు అన్నాడు, "చచ్చింది కాలమ్మా, మనిషి ఇంకా బతికే ఉన్నాడు." నాకు వాణ్ని చూస్తే ఆ మాట గుర్తొచ్చింది.

అందుకని సూటిగా అడుగుతున్నాను. నేల చచ్చిందన్నావు. అది నిజమా, కోపమా? నేను వాడి మాట మీద గానీ బట్టీవాడి మాట మీద గానీ అడుగు వెయ్యను. నీ మాట మీదే వేస్తాను. ఆలోచించి రాయించు. దర్జీ గారూ, ఈ ముక్క ఆవిడకు రెండుసార్లు చదివి వినిపించండి.

చిట్టి

* * *

దర్జీ కొట్టు

చిట్టీ,

రెండుసార్లు చదివాడు. రెండుసార్లూ నాకు ఒళ్ళు మండింది.

వాడొచ్చి నీ ఇంట్లో ఇంత తిని కుర్చీలో గుర్రు పెట్టేసరికి నీకు గుండె కరిగింది. నా మాట మీద అనుమానం వచ్చింది. నిజమా కోపమా అని అడుగుతావా నన్ను? నేనెప్పుడైనా నీకు అబద్ధం చెప్పానా? మీ అన్న జబ్బు దాచినప్పుడు కూడా నీకు నిజం చెప్పింది నేనే.

నిజమే. చచ్చింది. రాయవయ్యా దర్జీ, పెద్ద అక్షరాలతో రాయి. వాడి చేతుల్లో చచ్చింది. వాడు యూరియా పోసి పోసి చంపేశాడు. అందులో ఇక ఏమీ మిగల్లేదు. ఇది నా మాట. దీన్ని ఎవరి ముందైనా చెబుతాను.

బట్టీవాడికి మాత్రం ఇవ్వకు.

వదిన

* * *

ఇంటి అరుగు మీంచి, దర్జీని ఇక్కడికే పిలిపించి

చిట్టీ,

మొన్నటి ఉత్తరం అందితే చించెయ్యి. ఇది చదువు.

పొద్దున బట్టీవాడి మనుషులొచ్చి చేను కొలిచారు. "ఎవరు రమ్మన్నారు?" అన్నాను. "మీ అబ్బాయే. మీ ఆడపడుచుగారు మెత్తబడ్డారటగా" అన్నారు. మెత్తబడ్డావా?

పరీక్ష చేసిన పిల్ల మందులూ మాకులూ చెప్పిందని రాయించాను గుర్తుందా? అది చెప్పినదంతా నీకు చెప్పలేదు. చెబుతున్నాను. "అవ్వా, నేల పులిసింది గానీ చావలేదు" అంది. ఇవే దాని మాటలు. సున్నం చల్లమంది. జనుము విత్తి, పూత మీదుండగా దున్నేసి మట్టిలో కలపమంది. పశువుల ఎరువు తోలమంది. పొగాకు మాని కొన్నాళ్ళు పెసర, మినుము లాంటి అపరాలేవైనా వేస్తే నేల దానంతటదే తేరుకుంటుందట. ఆ తర్వాత పొగాకు వేసినా, యూరియా ఏదో కాస్త మొక్క చిన్నదిగా ఉన్నప్పుడే ఇచ్చి, తల తుంచాక ఇక ముట్టుకోకూడదట. అది నాకు తెలిసిందే, అయినా చెప్పనిచ్చాను.

నీకెందుకు రాయించలేదంటే, నేల బతుకుతుందని రాస్తే వాడి తప్పు సగానికి దిగిపోతుంది కదా అని. అంతే. ఇంకో కారణం లేదు. నీకు ఫోన్లో తను చెబుతానన్నాడు దర్జీ, వద్దన్నాను, ఇది నా నోటితో నేనే ఒప్పుకోవాలి.

జనుము విత్తనాలు తెప్పించాను, మూట మంచం కింద ఉంది. వాడు తప్పు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. వాడే దున్నుకోనీ, వాడే పండించుకోనీ. నాకు పంట చేతికివ్వక్కర్లేదు. మట్టి మాత్రం పోనివ్వకు. వెంటనే రాయి. రాయడం కూడా వద్దు, వాడికి ఫోన్ చేసి వద్దని చెప్పు.

వదిన

* * *

పట్నం

దర్జీ గారూ,

దయచేసి ఈ ఉత్తరం కొట్లో జనం ఉన్నప్పుడు చదవకండి. ఆవిడను కూర్చోబెట్టి చదవండి.

వదినా,

నేను సంతకం పెట్టేశాను.

నీ ఉత్తరాల్లో పెద్ద అక్షరాలది ముందొచ్చింది. అది నేనూ రెండుసార్లు చదివాను. మర్నాడు వాడు కాగితాలు తీసుకుని వచ్చాడు. "అమ్మ ఏమంది?" అన్నాడు. ఉత్తరం చేతికిచ్చాను. చదువుకుని మళ్ళీ నాకే ఇచ్చాడు. బట్టీవాడికి ఇవ్వకు అన్న నీ ఆఖరి మాట కూడా నేను చూశాను వదినా. చూసి, కాలు తీయొద్దని ఏడ్చేవాళ్ళు కూడా ఇలాగే అంటారు అనుకున్నాను. సంతకం పెట్టాను.

నీ రెండో ఉత్తరం ఆ తర్వాత వచ్చింది. చావలేదు అన్న ముక్క దగ్గరే చదవడం ఆపేశాను. అప్పటికప్పుడు వాడికి ఫోన్ చేశాను. ఎత్తి విన్నాడు. "ఆలస్యమైందత్తా" అన్నాడు. బట్టీవాడికి చేశాను. "సంతకాలయ్యాక మాటలుండవమ్మా" అన్నాడు. బతిమాలాను. ఏడ్చాను కూడా. నేను ఏడవడం నువ్వు చూడలేదు, వాడు విన్నాడు.

ఆ ఒక్క మాట మొదటే ఎందుకు రాయించలేదు? నువ్వు ఏది చెబితే నాకు అదే అని రాశాను కదా.

చిట్టి

* * *

దర్జీ కొట్టు, తలుపులు వేసి

చిట్టీ,

నీ ఉత్తరం దర్జీ మెల్లగానే చదివాడు. చదివి మిషను మీద గుడ్డ కప్పేశాడు. "తిట్టమ్మా, ఈసారి ఒక్కటి కూడా వదలకుండా రాస్తాను" అన్నాడు. ఎంతసేపు కూర్చున్నా నాకు ఒక్కటీ రాలేదు.

మట్టి తీయడం అయిపోవచ్చింది. నేను రోజూ పోయి చూస్తున్నాను. పై మట్టి ఎంత లోతుందో నాకు తెలుసనుకునేదాన్ని. తెలియదు. యంత్రం కోసిన చోట నిలబడి చూస్తే మోకాలి దాకా కూడా లేదు. కిందంతా తెల్లటి సుద్ద, గులకరాళ్ళు. ఇన్నేళ్ళూ మీ ఇంటినీ, మా ఇంటినీ మోసింది ఆ మోకాలి లోతే. యంత్రం ఎత్తిన ప్రతి తొట్టికీ వానపాములు వేలాడుతున్నాయి. నేను దర్జీకి చెబితే అతను నమ్మలేదు, వచ్చి చూసి వెళ్ళాడు.

నీ మీద నాకు కోపం లేదు. ఇది రాయించడానికే ఇవాళ వచ్చాను. ఆ ఇంట్లో నా మాట మా మామగారు నమ్మలేదు, మీ అన్న నమ్మలేదు, కన్నకొడుకు నమ్మలేదు. నమ్మింది నువ్వొక్కదానివి. నమ్మడానికి నేను నీకిచ్చిన మాట అదీ.

నిన్న నీ మేనల్లుడు లారీ దిగి వచ్చి గట్టు మీద నా పక్కన నిలబడ్డాడు. ఒళ్ళంతా దుమ్ము. "అమ్మా, ఆ రోజు ఆకు పండుతోందనే నువ్వన్నావు. నేనే వినలేదు. తప్పు నాదే" అన్నాడు. పదిమందిలో అన్నాడు. బట్టీవాడు కూడా విన్నాడు.

నేను చెప్పలేదట్రా అందామంటే నోరు పెగల్లేదు. పోనీలేరా అందామన్నా పెగల్లేదు. ఇంతలో ఇంకో లారీ వెనక్కి వస్తూ, దారికి అడ్డం ఉన్నారు, జరగండి అని డ్రైవరు కేకేశాడు. ఇద్దరం జరిగాం.

వదిన